మరకలక్క పసుపు చీటీలు

జనం లాండ్రీకి బట్టలు ఉతికించుకోవడానికి వస్తారని మీరనుకుంటారు. మరకలక్కనడిగితే కాదంటుంది. అబద్ధాలు చెప్పడానికి వస్తారట. చొక్కా సంచీలోంచి పూర్తిగా బయటికి రాకముందే మొదలవుతుంది. "ఇది నాది కాదండీ, మా తమ్ముడిది." "ఏం లేదండీ, కాస్త టీ ఒలికింది." మరకలక్క ఆ చొక్కాని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చి, "మీ తమ్ముడుగారు టీలో సోడా కలుపుకుంటారు కాబోలు" అనేది. ఆ పెద్దమనిషి మొహం కందగడ్డలా అయిపోయేది. వెనకాల ఇస్త్రీబల్ల దగ్గర పిన్ని కిసుక్కున నవ్వేది.

ఎవరొచ్చినా ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. ఏం మరక? ఎప్పటిది? ఇంట్లో ఏం పూశారు? మొదటి రెండింటికీ అబద్ధం చెప్పినా ఆమె ఎలాగో కనిపెట్టుకునేది. మూడోదానికి అబద్ధం చెబితే మాత్రం ఒంటికాలి మీద లేచేది. జనానికి మరక కనబడితే చాలు, చేతులు ఊరుకోవు కదా! ఒకడు వేణ్ణీళ్లు పోస్తాడు, ఇంకొకావిడ పళ్లు తోముకునే పేస్టు రుద్దుతుంది, మరో మహాతల్లి నిమ్మచెక్కతో అరగంట పామి, రంగంతా పోగొట్టి, మరకని మాత్రం భద్రంగా మిగుల్చుకుని తీసుకొస్తుంది. "మరక మిమ్మల్నేం చేసిందమ్మా? ఉన్నది ఉన్నట్టు తెస్తే రెండు నిమిషాల పని. మీ వైద్యం అంతా చేసి తెస్తే నేనెవరికి చెప్పుకోను?" అని నిలదీసేది. అంతలేసి మాటలన్నా ఆమె దగ్గరికే వచ్చేవారు, ఎందుకంటే ఆ ఊరి మొత్తంలో నెత్తురు మరకని ఆనవాలు లేకుండా తీసే మనిషి ఆమె ఒక్కతే.

ఈ విద్య ఆమెకి ఊరికే రాలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు ఒక పెద్ద హోటలు నేలమాళిగలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది. రోజుకి నాలుగు వందల దుప్పట్లు. అక్కడ ఉతుకు పని చూసే ముసలి మేస్త్రి ఒకడు, పనిలో ఉన్నంతసేపూ తిడుతూనే ఆమెకి మరకలన్నీ నేర్పాడు. దుప్పటి చూసి ఆ గదిలో రాత్రి ఏం జరిగిందో చెప్పగలిగే స్థితికి వచ్చాక, ఇక లోకంలో తనకి సిగ్గుపడాల్సిన విషయం ఏదీ మిగల్లేదని ఆమె అనుకుంది. ఆ తర్వాత చెప్పుల దుకాణానికీ పళ్ల డాక్టరుకీ మధ్య ఇరుక్కున్న ఈ లాండ్రీలో చేరి ఇరవై రెండేళ్లయింది. యజమాని వారానికోసారి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఆమెకి అడ్డం కాకుండా వెళ్లిపోయేవాడు.

దుకాణంలో ఒక పద్ధతి పెట్టింది కూడా ఆమే. వచ్చిన ప్రతి బట్టకీ ఒక చీటీ గుచ్చాలి. దానిమీద ఆ మూడు ప్రశ్నలకీ జవాబులు, కింద తేదీ. మరకేమిటో తెలిసిపోతే తెల్ల చీటీ. తెలియకపోతే పసుపు చీటీ. పసుపు చీటీ ఉన్న బట్టని ఎవరూ నీళ్లలో ముంచకూడదు. మళ్లీ చూడాలి, వెలుతురులో చూడాలి, ఇంకొకరికి చూపించాలి. ఒకసారి యజమాని తన సొంత కోటుకున్న పసుపు చీటీ పీకేసి టబ్బులో పడేసినందుకు ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇంతటి మనిషికి నలభై ఆరో ఏట ఒక మంగళవారం, నెలసరి అయిపోయిన పదో రోజున, లోపలి బట్టమీద చొక్కా బొత్తామంత మరక కనిపించింది. ఇంకో రెండు వారాలకి గాని రాకూడదు కదా, ఇదేమిటనుకుంది. అనుకుంటూనే కొళాయి తిప్పింది. చన్నీళ్లు, తన సీసాలోంచి రెండు చుక్కలు, వేలి కొసతో నాలుగు రుద్దులు. మరక లేదు. అద్దంలో తనని తాను చూసుకుని, "ఇంకా చేతిలో పస తగ్గలేదే" అని మెచ్చుకుంది కూడా. చూశారా ఖర్మ! ఊరంతటికీ మూడు ప్రశ్నలు వేసే మనిషి, తనని తాను ఒక్కటి కూడా వేసుకోలేదు.

మళ్లీ వచ్చింది. ఒక నెల మూడు రోజులు, ఒక నెల ఒక్క రోజు, ఒక నెల వారం పొడుగునా చుక్కలు చుక్కలుగా. వచ్చినప్పుడల్లా ఉతికేసింది. మూడో నెలలో పిన్నితో చెప్పింది. పిన్ని అంటే వరసకి పిన్ని కాదు, ఇస్త్రీ పిన్ని. అరవై రెండేళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా ఆవిరి పెట్టె తోసీ తోసీ కుడిచెయ్యి ఎడమచేతికన్నా లావైంది. భర్త లేడు, పిల్లల్లేరు, అక్కచెల్లెళ్లు అసలే లేరు. ఈ భూమ్మీద ఆవిడకి తెలియని సంగతి ఇంతవరకూ పుట్టలేదు.

"వయసే అది," అంది పిన్ని, కాలరు మీంచి పెట్టె ఎత్తకుండా. "పోయే ముందు అలాగే తైతక్కలాడుతుంది. నాకూ అంతే. ఏడాది ఆడించి ఆడించి ఆగిపోయింది. పదకొండేళ్లయింది, హాయిగా ఉన్నాను."

"మధ్యలోనా పిన్నీ? నెల మధ్యలో?"

"మధ్యలో, చివర్లో, దానికి క్యాలెండరు తెలుసా ఏమిటి? ఊరుకోవే."

ఊరుకోమంటే ఎంత హాయిగా ఉంటుందో! మరకలక్క ఊరుకుంది. అయినా మనసొప్పక మందుల దుకాణానికి వెళ్లి, కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి, "మా చెల్లెలికండీ" అని మొదలుపెట్టింది. ఆ కుర్రాడు తలెత్తకుండానే ఒక మాత్రల పట్టీ తోశాడు. నాలుగు రోజులు వేసుకుంటే ఆగింది. మూడు వారాల తర్వాత రెట్టింపై వచ్చింది.

భయం లేదా అంటే, ఎందుకు లేదు? పొట్ట నిండా భయమే. బస్సులో, మెట్ల మీద, టబ్బు ముందు, ఒకటే మాట బుర్రలో తిరిగేది. ఆ జబ్బేమో. పేరు మనసులో కూడా పూర్తిగా అనుకునేది కాదు. కూతురికింకా చదువు పూర్తవలేదు, మొగుడికి గుడ్డు ఉడకబెట్టడం రాదు, తను లేకపోతే దుకాణంలో పసుపు చీటీల మాట ఎవరు వింటారు? ఇలా ఏడుపు వచ్చినప్పుడల్లా బట్టలు తెచ్చినవాళ్లెవరో ఒకరి మీద విరుచుకుపడేది. ఆ నాలుగు నెలల్లో ఆమె చేత తిట్లు తిన్నవాళ్లలో సగం మంది ఏ పాపం ఎరగనివాళ్లు.

గుట్టు బయటపడింది మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం. కూతురు స్నేహితురాలింటికి వెళ్లింది. మొగుడికి సెలవు. ఆయన లిఫ్టు మెకానిక్కు, వారమంతా ఎవరెవరినో పైకీ కిందికీ పంపడమే పని. ఇల్లు ఖాళీగా ఉంది, కిటికీకి పరదా ఉంది, ఇరవై మూడేళ్ల కాపురమైనా ఇద్దరికీ ఇంకా సరదా ఉంది. అంతకుమించి మీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు. అంతా అయ్యాక చూస్తే దుప్పటి మీద అరచేయంత ఎరుపు.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "నావల్లనా?" అన్నాడు.

"మీరేమన్నా గునపం పట్టుకొచ్చారా? లేవండి, దుప్పటి ఇటివ్వండి."

"ఆగవే. ఏమిటిది?"

"ఏమీ లేదు. రెండు నిమిషాల్లో పోతుంది. వదలండీ, ఆరిపోతే కష్టం!"

ఆమె ఒక కొస లాగింది, ఆయన ఇంకో కొస లాగాడు. ఒంటిమీద నూలుపోగు లేని ఇద్దరు నడివయసు మనుషులు మంచం చుట్టూ తిరుగుతూ దుప్పటి కోసం కొట్టుకోవడం ఆ పరదాకి తప్ప ఎవరికీ కనబడలేదు, అది మన అదృష్టం. చివరికి ఆయనే గెలిచాడు. దుప్పటి చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, గోడకానుకుని నిలబడి, "ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలా! లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగితే జనం ఐదు నిమిషాలు ఓపిక పట్టరు. గంట కొడతారు, తలుపు బాదుతారు, నన్ను బండబూతులు తిడతారు. నువ్వు నాలుగు నెలలు నోరు మూసుకుని నిలబడ్డావుటే!"

"వయసట. పిన్ని చెప్పింది."

"పిన్ని ఏ కాలేజీలో చదివిందట, ఇస్త్రీ డాక్టరా?"

నవ్వబోయింది మరకలక్క. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "భయమేసిందండీ. ఆ జబ్బే అంటే ఏం చెయ్యను? పేరు పెట్టనంతకాలం అది టీ మరకే అనుకుందామనుకున్నాను." ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. దుప్పటి మాత్రం ఇవ్వలేదు. పెళ్లాం చేతికి దొరికితే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. మర్నాడు పొద్దున్న దాన్ని ప్లాస్టిక్కు సంచీలో పెట్టుకుని, పెళ్లాన్ని స్కూటరు వెనక ఎక్కించుకుని, ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ మరకలక్క కన్నా పదేళ్లు చిన్నది. పెద్ద కళ్లద్దాలు, వేగంగా మాట్లాడే నోరు. తెల్లకోటు జేబు కింద నీలం సిరా మరక. మరకలక్క చూపు ఆ సిరా మీంచి కదిలితే ఒట్టు.

"చెప్పండి. ఏమిటి సమస్య?"

"మా చెల్లెలికండీ..." అలవాటైన నోరు కదా, దానంతటదే వచ్చేసింది. పక్కన మొగుడు దగ్గాడు. "నాకేనండీ. మధ్యలో కనబడుతోంది."

"ఎరుపా, గోధుమరంగా? ఎంత?" ఆమె చెప్పలేకపోయింది. "ఎప్పుడెప్పుడు? తేదీలు రాసుకున్నారా?" నీళ్లు నమిలింది. "కలిసినప్పుడు కూడా కనబడుతోందా? మందులేమైనా వాడారా?"

మందుల ప్రశ్న దగ్గర మరకలక్కకి తల తీసేసినట్టయింది. ఏం మరక, ఎప్పటిది, ఇంట్లో ఏం పూశారు! ఇరవై రెండేళ్లు కౌంటరుకి ఇవతల నిలబడి ఎవరినైతే చెడామడా తిట్టిందో, వాళ్లలో ఒకతె అయిపోయి ఇవాళ అవతల కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు తేలేదు. ఎవరో ఇచ్చినది మింగింది. సాక్ష్యమంతా చన్నీళ్లలో ఉతికి ఆరేసుకుని, ఉత్త చేతులతో వచ్చింది.

"కనిపించగానే తీసేశానమ్మా," అంది చిన్న గొంతుతో. "నేను మరకలు తీస్తాను. అదే నా పని."

మొగుడు గర్వంగా సంచీ విప్పి దుప్పటి బల్లమీద పరిచాడు. డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "ఇంతవరకూ నా దగ్గరికి దుప్పటి తెచ్చిన మగాడు లేడు. మంచి పని చేశారు. ఇక బయట కూర్చోండి."

ఆ తర్వాత పరీక్షలు. మొట్టమొదట గర్భపరీక్ష. "నలభై ఆరేళ్లమ్మా నాకు!" అని మరకలక్క గోల. "పరీక్షకి మీ వయసు తెలియదు, నాలుగు చుక్కలు పోసి రండి" అని డాక్టరమ్మ. గర్భం కాదు. బయట మొగుడికి ఆ సంగతి చెప్పేదాకా ఆయన కుర్చీలో కాదు, కుర్చీ అంచు మీద ఉన్నాడు. తర్వాత బల్లమీద పడుకోబెట్టి, లైటు పెట్టి, వెలుతురులో చూసింది డాక్టరమ్మ. చూస్తూనే మాట్లాడింది.

"రెండు నెలసరుల మధ్య కనబడటానికి వంద కారణాలుంటాయి. కొందరికి అండం విడుదలయ్యే రోజున ఒక చుక్క. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు మొదలెట్టినా, మరిచిపోయినా కొంత. ఇన్ఫెక్షను, థైరాయిడు, గర్భసంచిలో గడ్డలు. మీ వయసుకి హార్మోన్లు ఎగుడుదిగుడవడం కూడా మామూలే, మీ పిన్నిగారు పూర్తిగా తప్పు చెప్పలేదు. కాని వయసే అని చూడకుండా తేల్చకూడదు. చూశాక మిగిలినవేవీ కాదంటేనే వయసు అనాలి."

"ఆ జబ్బు..."

"పేరు చెప్పండి, ఏం కాదు. క్యాన్సరు. అరుదుగా అదీ అవుతుంది, అందుకే చూసేది. ముందుగా దొరికితే వైద్యం తేలిక. ఆగండి, ఇదిగో. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న పిలక ఉంది, పాలిప్ అంటాం. మెత్తగా, వేలాడుతోంది. తగిలితే నెత్తురొస్తుంది. ఇదే మీ దొంగ అయ్యుండొచ్చు." ఆ పిలకని అక్కడికక్కడే తీసేసింది. చీమ కుట్టినంత నొప్పి అంది డాక్టరమ్మ. చీమలు అంత గట్టిగా కుడితే లోకంలో ఎవరూ నేలమీద కూర్చోరంది మరకలక్క. గర్భసంచి లోపలి పొర నుంచి చిటికెడు ముక్క, ముఖద్వారం నుంచి కాస్త నమూనా కూడా తీసి, అన్నీ కలిపి ల్యాబుకి పంపింది. స్కానింగు రాసిచ్చింది. జవాబు రావడానికి పది రోజులు.

"ఈలోగా రెండు మూడు రోజులు కాస్త కనబడొచ్చు. తేదీ, ఎంత, ఏ రంగు, రాసుకోండి. ఉతకడానికి ముందు చూడండి." అని, వెళ్లబోతున్న మరకలక్కని ఆపి అంది. "ఇంకో సంగతి. నెలసరి పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటినవాళ్లకి ఒక్క చుక్క కనబడినా వెంటనే రమ్మనండి. మీ దగ్గరికి చాలామంది ఆడవాళ్లొస్తారు కదా?"

"వస్తారమ్మా. చెబుతాను." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఆ సిరా మరకకి ఇంట్లో సబ్బు రుద్దారా?"

డాక్టరమ్మ నాలుక కరుచుకుంది. "రుద్దాను."

"అనుకున్నాను," అంది మరకలక్క. ఆ రోజంతటిలో మొదటిసారి ఆమెకి ఊపిరి పూర్తిగా ఆడింది.

ఆ పది రోజులు ఎలా గడిచాయని అడక్కండి. దుకాణంలో బట్టల అల్మరా తలుపు లోపలి వైపు ఆమె తన పేర పసుపు చీటీలు గుచ్చడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఒకటి, రెండో రోజు ఒకటి, మూడో రోజు ఒకటి. బొత్తామంత. గోధుమరంగు. ఏమీ పూయలేదు. నాలుగో రోజు నుంచి ఏమీ లేదు. ఇక నోటికి తాళం తీసేసింది. దుప్పటి తెచ్చినావిడకీ, కర్టెన్లు తెచ్చినావిడకీ, పక్క పళ్ల డాక్టరు దగ్గర దవడ పట్టుకుని కూర్చున్నావిడకీ కూడా చెప్పింది. "మధ్యలో కనబడితే ఉతికేయకండి, డాక్టరుకి చూపించండి. ఆగిపోయాక కనబడితే ఒక్క చుక్కైనా సరే, ఆ రోజే పరిగెత్తండి." పాపం, చొక్కా కోసం వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి చొక్కా తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆ మాట చెబుతున్న రోజునే పిన్ని ఒక తెల్లచొక్కా కాలరు మాడ్చింది. ముప్పై ఏళ్లలో ఒక్కటంటే ఒక్కటి మాడ్చని మనిషి! "చూపెక్కడుంది పిన్నీ నీది?" అని మరకలక్క గయ్యిమంది. పిన్ని ఎదురు మాట అనలేదు. మామూలు రోజైతే పది అనేది. మరకలక్క తన భయంలో తానుండి పట్టించుకోలేదు.

పదకొండో రోజు పొద్దున్న డాక్టరమ్మ కాగితం చదివి తలెత్తింది. "మామూలు పిలకే. క్యాన్సరు లేదు. పొర బాగుంది, స్కానింగు బాగుంది. మళ్లీ కనబడితే మళ్లీ రండి. దాచుకోకండి." మరకలక్క డాక్టరమ్మని కావలించుకుని, కోటు ఊడదీయించుకుని, సిరా మరక తీసి సాయంత్రానికి తెస్తానని లాక్కొచ్చేసింది. దారి పొడుగునా మొగుడి వీపుకి తల ఆనించి ఏడ్చింది. స్కూటరు నడుపుతూ ఆయన కూడా ఏడ్చాడు, కాని హెల్మెట్టులో ఎవరికి కనబడుతుంది?

దుకాణంలో అడుగుపెడుతూనే, "పిన్నీ, బతికిపోయాను!" అని కేకేసింది. పిన్ని పెట్టె పక్కన పెట్టి, వచ్చి, లావాటి కుడిచేత్తో ఆమె బుగ్గలు నొక్కి వదిలింది. కళ్లు తుడుచుకుని మళ్లీ బల్ల దగ్గరికి పోయింది. మరకలక్క అల్మరా తలుపు తెరిచి తన చీటీలు పీకేయబోయింది. ఒకటి. రెండు. మూడు.

నాలుగోది ఉంది.

అది తన చేతిరాత కాదు. పిన్ని రాత, వంకరటింకరగా, పెద్ద పెద్ద అక్షరాలు. ఏం మరక: నెత్తురు. ఎప్పటిది: ఆరు వారాలు. ఏం పూశారు: ఏమీ పూయలేదు. కింద నిన్నటి తేదీ.

పదకొండేళ్ల కింద ఆగిపోయి హాయిగా ఉన్న మనిషి! మరకలక్క తిరిగి చూసింది. పిన్ని ఇటు చూడటం లేదు. ఒక సూటు ప్యాంటు మడత మీద పెట్టె తోస్తూ, తోసిందే తోస్తోంది.

మరకలక్క వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేసింది.

"ఏయ్, ఇంకా కోటు ఉంది," అంది పిన్ని. "పెళ్లికొడుకుది. సాయంత్రం పెళ్లి."

"నలిగిన కోటుతో చేసుకుంటే పెళ్లి చెల్లకుండా పోదు. పద."

"ఎక్కడికే? నాకేమీ లేదు. ఊరికే రాశాను. వయసు..."

"ఆ మాట ఇంకొకసారి అన్నావంటే నీకే ఇస్త్రీ చేస్తాను. ఆరు వారాలు నా పక్కనే నిలబడి, నన్ను ఊరుకోమన్నది చాలక నువ్వూ ఊరుకున్నావా?" గొంతు పెద్దదైంది. "నువ్వు లేకపోతే నేనెవరితో పోట్లాడాలి ముసలిదానా?"

పిన్ని చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది. "ఆ జబ్బే అయితే?"

"అయితే అప్పుడు చూద్దాం. ఇద్దరం చూద్దాం. చూడందే తెలుస్తుందా?" పసుపు చీటీ తీసి పిన్ని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. పట్టపగలు పదకొండున్నరకి షట్టరు దించేసింది. ఇరవై రెండేళ్లలో యజమాని అమ్మ చనిపోయిన రోజున తప్ప ఆ షట్టరు పగలు దిగలేదు.

డాక్టరమ్మ కోటు లేకుండా కూర్చుని ఉంది. మరకలక్కని చూసి, "అప్పుడే తెచ్చేశారా?" అని, వెనకాల ఆవిడని చూసి ఆగింది. "ఎవరికమ్మా?"

పిన్ని కుర్చీ అంచున కూర్చుంది. చీటీ చేతిలో నలిగిపోయింది. "మా చెల్లెలికండీ..." అని మొదలుపెట్టింది.

మరకలక్క గిచ్చలేదు, దగ్గలేదు. ఊరికే పిన్ని చెయ్యి పట్టుకుంది. పిన్ని కాసేపు ఆ చేతివైపు చూసింది. తర్వాత నలిగిన చీటీని బల్లమీద పెట్టి, ఇస్త్రీ చేసినట్టే అరచేత్తో మడతలు సరిచేసి, డాక్టరమ్మ వైపు జరిపింది.

"నాకేనమ్మా," అంది.